బీరు కుళాయిల మీద వేలాడిన జున్ను

ఈస్టర్ పండక్కి నాలుగేళ్ళ పిల్లనీ, మామగారినీ వెంటబెట్టుకుని ఒక బార్‌కి వెళ్ళొచ్చానని మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. "బార్ అంటే మందు తాగే చోటేనా?" అని అడిగింది. అవునన్నాను. "మీ మామగారు కూడానా?" అంది. ఆయన మూడు రోజుల్లో తొమ్మిది గ్లాసుల అల్లం సోడా తాగారని చెప్పాను గానీ అసలు జరిగింది చెప్పలేదు. అమ్మకి చెప్పడం కన్నా రాయడమే తేలికగా ఉంది. తన్వి పడుకున్నాక రోజుకి కొంచెం రాస్తున్నాను. మధ్యలో లేచి వెళ్ళి దాని ఊపిరి విని వస్తున్నాను.

మేం ఉండేది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. మా కింది వాటాలో డోరతీ అని డెబ్భై ఆరేళ్ళావిడ ఉంటుంది. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు, డేకేర్‌లో చోటు దొరికేదాకా ఎనిమిది నెలలు తన్విని ఆవిడే చూసుకుంది. ఎంత బతిమాలినా దానికి ఏమీ పుచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో మమ్మల్ని ఒక్క సాయం అడిగింది, అదీ ఈ మార్చిలో.

"కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు నన్ను హైవే ఎక్కవద్దన్నాడు. ఈస్టర్‌కి మా తమ్ముడి బార్‌కి తీసుకెళ్తావా, సుధా? పుట్టి బుద్ధెరిగాక నేను ఆ ఊళ్ళో లేని ఈస్టర్ లేదు."

కాదనడానికి నాకు నోరు రాలేదు. కాదనడానికి కారణం మాత్రం ఉంది. తన్వికి గుడ్డు పడదు. మా ఇంట్లో గుడ్డు వండరు కాబట్టి ఏడాది నిండేదాకా ఆ సంగతి మాకు తెలియనే లేదు. స్నేహితుల ఇంట్లో పుట్టినరోజు నాడు ఒక కేకు ముక్క నోట్లో పెట్టాను. పెదవులు వాచి, ఊపిరి ఈల వేసినట్టు వస్తుంటే అంబులెన్స్‌లో పరిగెత్తాం. ఆ ముక్క పెట్టింది నేనే.

అప్పటి నుంచి నా హ్యాండ్‌బ్యాగులో ఒక ఎర్ర సంచీ ఉంటుంది. అందులో రెండు ఇంజెక్షన్ పెన్నులు, దద్దుర్లకి వేసే మందు సీసా, ఏ లక్షణానికి ఏం చెయ్యాలో డాక్టరు రాసిచ్చిన కాగితం. షాపులో ప్రతి ప్యాకెట్టూ తిప్పి చదువుతాను. పోయిన వారం కొన్నదే అయినా మళ్ళీ చదువుతాను. హోటల్లో ఒకే ప్రశ్న ముగ్గుర్ని అడుగుతాను. తన్వికి మాటలు రాగానే నేర్పిన మొదటి పూర్తి వాక్యం కూడా అదే. ఎవరేం పెట్టినా నోరు మూసుకుని నా వైపు తిరుగుతుంది. "అమ్మా, ఎగ్ ఉందా?" నేను లేదంటేనే తింటుంది.

ఈ మధ్య రక్తపరీక్షలో అంకెలు తగ్గాయి. గుడ్డు వేసి బాగా కాల్చిన మఫిన్‌ని క్లినిక్‌లో, తన కళ్ళ ముందు, కొంచెం కొంచెంగా తినిపించి చూద్దామంటోంది డాక్టరు. రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని రెండుసార్లూ కాన్సిల్ చేశాను. మొదటిసారి జలుబని చెప్పాను, అది నిజమే. రెండోసారి జలుబు కూడా లేదు.

అలాంటి నేను గుడ్ల పండగకి బయల్దేరాను. మా ఆయన కిరణ్‌కి ఆ వారాంతం ఆఫీసు డ్యూటీ. "వద్దనిపిస్తే మానెయ్, డోరతీ ఏమీ అనుకోదు," అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోదు కాబట్టే మానలేకపోయాను.

నల్ల గుట్టల ఊరు

పెన్సిల్వేనియాలో బొగ్గు తవ్విన ప్రాంతం అది. మూడు గంటల దారి, నేను నాలుగు గంటలు నడిపాను. లారీ పక్కకి వచ్చినప్పుడల్లా నా వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయాయి. డోరతీ ముందు సీట్లో కూచుని, "వాడు వెళ్ళిపోతాడు, వాడికి బీరు దాహం వేస్తోంది," అని ధైర్యం చెబుతూ వచ్చింది.

వెనక సీట్లో మామయ్యగారు, తన్వి. మామయ్యగారు తెనాలి దగ్గర పాల సొసైటీలో ముప్పై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు మా ఆడపడుచు కాన్పుకి ఆగిపోతే ఈసారి ఒక్కరే వచ్చారు. ఏప్రిల్‌లో కూడా మంకీ క్యాప్ తియ్యరు. అమెరికాలో ఆయనకి అన్నీ నచ్చాయి, పాలు తప్ప. "ఇంత తెల్లగా ఉంటాయా పాలు? గోడకి సున్నం వెయ్యొచ్చు," అంటారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కల ఒకటే: జున్ను. ఈనిన గేదె ముర్రుపాలు, బెల్లం, మిరియాలు. "ఇక్కడా ఆవులు ఈనతాయి గదమ్మా, ఆ పాలు ఏం చేస్తారు?" అని మూడు షాపుల్లో అడిగించారు నా చేత.

ఊరి దగ్గర పడేసరికి రోడ్డుకి రెండు వైపులా నల్లటి గుట్టలు మొదలయ్యాయి. కొండలనుకున్నాను. బొగ్గు తీసుకుని పారబోసిన రాళ్ళట, వందేళ్ళ నాటివి. వాటి మీద సన్నటి తెల్ల చెట్లు మొలిచాయి. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు, ఉల్లిపాయ ఆకారపు గోపురంతో ఒక చర్చి. తలుపుకి తాళం.

"ఇదే మా చర్చి," అంది డోరతీ. "జనం తగ్గిపోయారని పక్క ఊరి చర్చితో కలిపేశారు. దాని కింద పెద్ద వంటిల్లు ఉండేది. ఈస్టర్ వంటలన్నీ అక్కడే. తాళం వేసిన ఏడు మా నాన్న ఆ గంగాళాలు రెండూ మోసుకొచ్చి బార్‌లో పెట్టేశాడు. అప్పట్నుంచీ పండగ బార్‌లోనే."

పార్కింగులో దిగేముందు ఆవిడే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "రంగుల గుడ్లు, పండగ బ్రెడ్డు. ఈ రెండింటి దగ్గరికి పాపని పోనివ్వకు. బ్రెడ్డు నిండా గుడ్లే. మా తమ్ముడికి ఫోన్‌లో చెప్పే ఉంచాను."

నేను ఫోన్‌లో రాసుకున్నాను: గుడ్లు, బ్రెడ్డు.

మాంసం ముట్టని రాత్రి

డోరతీ తమ్ముడు స్టీవ్‌కి అరవై దాటి ఉంటాయి, భుజాలు తలుపంత. మమ్మల్ని చూడగానే ముందు మామయ్యగారి దగ్గరికి వచ్చాడు.

"సర్, ఆ టోపీ బాగుంది. బ్యాంకు దోపిడీ అయిపోయిందా, ఇంకా వెళ్ళాలా?"

నేను తెలుగులో చెబితే మామయ్యగారు పెద్దగా నవ్వి, "చలి. వెరీ చలి," అన్నారు.

ఆ రోజు గుడ్ ఫ్రైడే. బార్‌లో మాంసం ముట్టరట. కొట్టు నిండా జనం, గోడకి జింక తల, టీవీలో హాకీ, అందరి పళ్ళాల్లోనూ శాకాహారమే. బంగాళాదుంప ముద్ద పెట్టి మడిచిన పియెరోగీలు, మన కజ్జికాయని ఉడకబెట్టి వెన్నలో వేయించినట్టుంటాయి. డజను పన్నెండు డాలర్లు. పక్కన వేయించిన క్యాబేజీ. నేను లోపలికి వెళ్ళి పిండిలో ఏముందని వంటామెను అడిగాను, స్టీవ్‌ని అడిగాను, వడ్డించే అమ్మాయిని అడిగాను. గుడ్డు ఉందన్నారు. తన్వి ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తింది.

మామయ్యగారు తినడానికి ముందు కాసేపు ఆలోచించారు. గుడ్డు ఆయన కూడా తినరు. క్యాబేజీ, రొట్టె, అల్లం సోడాతో సరిపెట్టుకుని చుట్టూ చూస్తూ, "కార్తీక సోమవారం మన హోటల్లా ఉందమ్మాయ్," అన్నారు. "బీరు ఒక్కటే తేడా."

రాత్రి మోటెల్లో డెబ్భై తొమ్మిది డాలర్ల గది. దిండు గలీబులు మార్చాను, రిమోట్ తుడిచాను, సంచీలో పెన్నుల మీద తేదీ మళ్ళీ చూశాను. ఒక్క రోజు గడిచింది, ఏమీ కాలేదు. ఇంకా రెండు.

శనివారం పది గంటలకి

పొద్దున మేం వెళ్ళేసరికి పది దాటింది. అప్పటికే వంట అయిపోయింది. తెల్లారక ముందే మొదలుపెడతారట. డోరతీ, స్టీవ్ ఇద్దరూ వాళ్ళ అమ్మానాన్నల సమాధుల దగ్గరికి వెళ్ళారు. పన్నెండుకి చర్చి ఫాదర్ వచ్చి పండగ తిండి బుట్టలు దీవిస్తాడు కాబట్టి ఈలోగా వచ్చేస్తామని చెప్పి వెళ్ళారు.

లోపల దృశ్యం నేను ఎప్పుడూ చూడనిది. కౌంటరు మీద వరసగా ఉన్న బీరు కుళాయిల పిడులకి, పాంట్రీ గొళ్ళేలకి, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట కర్రలు పెట్టే స్టాండుకి, తెల్ల గుడ్డ మూటలు వేలాడుతున్నాయి. బంతులంత గుండ్రంగా ఉన్నాయి. ఒక్కో దాని కింద ఒక్కో బీరు జగ్గు. టప్, టప్ మని పల్చటి పసుపు నీళ్ళు కారుతున్నాయి. మామయ్యగారు తలుపు దగ్గరే ఆగిపోయారు. మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నారు.

నేను మాత్రం గుడ్లని చూస్తున్నాను. ప్రతి టేబుల్ మీదా ఉన్నాయి. ఉల్లిపొట్టుతో ఎర్రగా ఉడికించినవి, మైనంతో ముగ్గులు వేసినవి. ఇద్దరు ముసలాళ్ళు గుడ్డుకి గుడ్డు కొట్టి ఆడుకుంటున్నారు. ఎవరిది పగలకపోతే వాళ్ళది గెలుపు, ఓడినవాళ్ళ గుడ్డు వాళ్ళదే. నేను గోడ వైపు చివరి టేబుల్ ఎంచుకుని మూడు తుడుపు కాగితాలతో తుడిచి తన్విని నాకూ గోడకీ మధ్య కూచోబెట్టాను. ఎక్కడ పెంకు రాలినా నా కన్ను అక్కడే ఉంది. కౌంటరు చివర ఒకామె కళ్ళనిండా నీళ్ళతో ఏదో దుంప కోరుతోంది. ఆవపిండిలా ముక్కుకెక్కే ఆ దుంపని బీట్‌రూట్‌లో కలిపి పచ్చడి చేస్తారు. ఆ ఘాటు నా దాకా వచ్చింది.

హెలెన్ అని స్టీవ్ వాళ్ళ అత్త వరస ఆవిడ, ఎనభై పైనే, ఒక మూట విప్పింది. లేత పసుపు ముద్ద, పైన గుడ్డ ముడతల గుర్తులు. కత్తి పెడితే వణికి తెగింది. ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని తిన్నగా మామయ్యగారి దగ్గరికి తెచ్చింది.

"ఈస్టర్ చీజ్. తినండి, మొదటి ముక్క అతిథిది."

మామయ్యగారు ముక్కని వేళ్ళతో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"అమ్మాయ్," అన్నారు. "జున్ను."

"చీజ్ అంటున్నారు మామయ్యా."

"వాళ్ళేమన్నా అననీ. విరిగిన పాలు, గుడ్డలో కట్టారు, నీళ్ళోడుతున్నాయి. ముప్పై రెండేళ్ళు పాలు చూశాను, నాకు తెలీదా? ముర్రుపాలు కాకపోవచ్చు. కానీ జున్నే."

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. మెత్తగా, తియ్యగా, కొంచెం జాజికాయ వాసన. మా అమ్మమ్మ వాళ్ళింట్లో గిన్నె అడుగు గీకి తిన్నది గుర్తొచ్చింది. ఇది మా ఊరి పాల వంటకమేనని మామయ్యగారు అంటున్నారని హెలెన్‌కి చెప్పి అడిగాను, "దీంట్లో ఏమేం వేస్తారు?"

"పాలు, కొంచెం పంచదార, ఉప్పు, చిటికెడు జాజికాయ. అంతే తల్లీ. కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపకూడదు."

మామయ్యగారు ఒక చిన్న ముక్క చిదిపి పట్టుకున్నారు. ఆయన వచ్చిన మొదటి వారంలోనే పిల్లకి ఏం పెట్టాలన్నా నన్ను అడగాలని గట్టిగా చెప్పాను, కొంచెం నొచ్చుకునేలాగే చెప్పాను. అందుకని అడిగారు. "పెట్టనా?"

"పెట్టండి మామయ్యా. పాలదేగా."

తన్వి నోరు మూసుకుని నా వైపు తిరిగింది. "అమ్మా, ఎగ్ ఉందా?"

"లేదు కన్నా."

నోరు తెరిచింది.

పన్నెండు గుడ్లు

"బాగుందా బంగారం?" అంది హెలెన్. "బాగుండదూ మరి, గంగాళానికి ఆరు డజన్లు కొట్టాను తెల్లవారుజామున. నా మణికట్టు పోయింది."

"ఆరు డజన్లు ఏంటి?" అన్నాను. నాకు తెలిసిపోయింది, అయినా అడిగాను.

"గుడ్లు. బంతికి పన్నెండు. చీజ్ అంటే గుడ్లే కదా."

పులిహోరలో ఏం వేస్తారని ఎవరైనా నన్నడిగితే చింతపండు, పసుపు, పోపు అని చెబుతాను. అన్నం అని చెప్పను. ఆవిడా అంతే చెప్పింది. మూడేళ్ళుగా ప్రతి చోటా ముగ్గురేసి మనుషుల్ని అడిగిన ఆ ఒక్క ప్రశ్న, గుడ్డు ఉందా అని, అక్కడ నేను అడగలేదు. అడిగింది నా కూతురు, నన్ను.

అప్పటికి తన్వి మింగేసింది. నోరు కడిగాను. మామయ్యగారు, "ఏమైందమ్మా? ఏమంటోంది ఆవిడ?" అంటున్నారు. ఎర్ర సంచీ టేబుల్ మీద బోర్లించాను. గడియారం చూశాను, పదీ నలభై రెండు.

పదీ యాభైకి గడ్డం మీద ఎర్రటి మచ్చ వచ్చింది. తరవాత మెడ మీద దోమ కుట్టినట్టు మూడు, నాలుగు, ఏడు. "అమ్మా, ఇచ్చీగా ఉంది," అంటూ గోక్కుంది తన్వి. కాగితం ప్రకారం మందు కొలిచి తాగించాను. ఒక్క చుక్క కింద పడలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే ఆశ్చర్యంగా ఉంది.

దుంప కోరుతున్నామె ఎప్పుడు లేచిందో, నా పక్కన మోకాళ్ళ మీద కూచుని ఉంది. కళ్ళు ఇంకా కారుతున్నాయి.

"నేను జెన్. ఈ ఊరి అంబులెన్స్ నాదే, ఏడవడం దుంప వల్ల, కంగారుపడకు. ఏం తింది, ఎంత?"

వేలి కొసంత అని చూపించాను. జెన్ తన్వి వీపుకి చెవి ఆనించి విన్నది. ఎవరో బండిలోంచి స్టెతస్కోపు తెస్తే దాంతో మళ్ళీ విన్నది. నాలుక చాపమంది. "నీ పేరేంటి? ఈ జింక పేరు తెలుసా? ఫ్రెడ్." మాట్లాడిస్తోంది, గొంతు ఎలా ఉందో చూడ్డానికి. నేను మా డాక్టరు ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి జెన్ చేతికిచ్చాను.

"ఒట్టి చర్మం మీదే ఉంది. ఊపిరి బాగుంది, వాంతి లేదు," అని ఆమె చెప్పింది. అవతలి మాట విని నాతో అంది. "నాలుగు గంటలు నేను పక్కనుండి చూస్తాను. దగ్గినా, కక్కినా, గొంతు మారినా ఆలోచించొద్దు. ఇంజెక్షన్ పొడిచి బండెక్కడమే. హాస్పిటల్ ఇరవై ఐదు మైళ్ళు. బండి తలుపు దగ్గరే ఉంటుంది."

ఇంతలో ఎవరూ చెప్పకుండానే టీవీ ఆగింది. గుడ్లు కొట్టుకుంటున్న ముసలాళ్ళు తమ గుడ్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఒకాయన టేబుళ్ళ మీద గుడ్లన్నీ ఒక బీరు డబ్బాల పెట్టెలోకి ఎత్తి వంటింట్లో పెట్టి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. బయట అంబులెన్స్ ఇంజను చప్పుడు, లోపల మూటల చప్పుడు. టప్. టప్. హెలెన్ ఆప్రాన్‌తో మొహం కప్పుకుని, "గుడ్లు లేకుండా ఎవరు చేస్తారు? ఎవరు చేస్తారు?" అని తనలో తను అనుకుంటోంది.

కిరణ్‌కి ఫోన్ చేశాను. "లేదని నువ్వే చెప్పావా?" అన్నాడు. తప్పుపట్టి అనలేదు, నమ్మలేక అన్నాడు. "నేనే చెప్పాను," అన్నాను.

మెట్టు మీద

పన్నెండుకి మెడ మీద మచ్చలు లేత రంగుకి వచ్చాయి. జెన్ ప్రతి పావుగంటకీ బీరు గ్లాసు కింద పెట్టే ఒక అట్ట వెనక ఊపిరి లెక్క రాస్తోంది. సమాధుల దగ్గర్నుంచి వచ్చిన డోరతీ విషయం విని కోటు కూడా విప్పకుండా తన్వి కాళ్ళ దగ్గర కూలబడింది. "గుడ్లు, బ్రెడ్డు అన్నాను. చీజ్ మర్చిపోయాను. అరవై ఏళ్ళుగా దాన్ని చీజ్ అనే అనుకుంటున్నాను, సుధా." ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

మామయ్యగారు లోపల లేరు. వెతికితే బయట మెట్టు మీద, అంబులెన్స్ చక్రం పక్కన, క్యాప్ లేకుండా కూచుని ఉన్నారు. జెన్‌ని కదలొద్దని చెప్పి, తలుపు తెరిచే ఉంచి, తన్వి కనబడేలా నిలబడ్డాను.

"లోపలికి రండి మామయ్యా. చలి."

"పర్లేదమ్మా. ఎలా ఉంది?"

"తగ్గుతోంది."

ఆయన గుట్టల వైపు తిరిగారు. "సొసైటీలో వాసన చూసి ఏనాడూ సంతకం పెట్టలేదు. కొలిచి పెట్టేవాణ్ణి. మా బావమరిది పాలైనా కొలిచేవాణ్ణి. ఇవాళ కొలవకుండా పెట్టేశాను."

"సంతకం మీది కాదు, నాది. మీరు అడిగారు, పెట్టండి అన్నది నేను. అది అడిగింది, లేదు అన్నదీ నేనే."

"నా మాట నమ్మి అన్నావు."

"నాకూ జున్ను తినాలనిపించింది మామయ్యా."

ఆయన నా మొహం చూశారు. ఈ ఆరు నెలల్లో మేమిద్దరం ఇలా మాట్లాడుకున్నది లేదు. మా ఇంట్లో ప్రతి ముద్దకీ నా పర్మిషన్ కావాలని ఆయనా, నా భయం ఎవరికీ పట్టదని నేనూ, చెరో మూల కూచున్నాం.

"డెబ్భై ఏళ్ళలో గుడ్డు ముట్టలేదు," అన్నారు. "ఇవాళ రెండు ముక్కలు తిన్నాను."

"అత్తయ్యగారికి చెప్పనులెండి."

"నేనే చెప్పేస్తాను, దాచలేను గదా." తల వంచుకున్నారు. "బాగుందమ్మా. అదీ నా బాధ."

మా ఇద్దరికీ నవ్వొచ్చింది. తరవాత ఆయన క్యాప్ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

పూల్ టేబుల్ మీద బుట్టలు

ఫాదర్ పన్నెండుకే వచ్చాడు గానీ కోటు విప్పి, మాతో పాటు గడియారం చూస్తూ కూచున్నాడు. పక్క ఊళ్ళో ఇంకా రెండు చోట్లకి వెళ్ళాలట. స్టీవ్ గుర్తు చేస్తే, "వాళ్ళ బుట్టల్లో పంది మాంసం ఎక్కడికీ పారిపోదు," అన్నాడు.

ఒంటిగంటన్నరకి తన్వి తనంతట తనే అడిగింది, "వాళ్ళ బాస్కెట్స్ చూడొచ్చా?" జెన్ తల ఊపింది. పూల్ టేబుల్ మీద దుప్పటి పరిచి ఇరవై దాకా బుట్టలు పెట్టారు. ఒక్కో దాని మీద కుట్టుపని చేసిన తెల్ల గుడ్డ. నైవేద్యం పళ్ళేలు గుడికి తీసుకెళ్ళేటప్పుడు మనం కప్పే గుడ్డలాగే. లోపల హామ్, సాసేజీ, గొర్రెపిల్ల ఆకారంలో చేసిన వెన్న, బీట్‌రూట్ పచ్చడి, ఉప్పు, మధ్యలో ఆ పసుపు ముద్ద. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో మానేసిన తిండి అంతా ఆ బుట్టలోకి తిరిగొస్తుందని డోరతీ చెప్పింది. దీవించాక మెతుకు కూడా పారెయ్యరట. పెంకులు కూడా తోటలో పాతిపెడతారట.

ఫాదర్ ఒక బ్రష్‌తో నీళ్ళు చల్లాడు. బుట్టల మీద, బీరు కుళాయిల మీద, ఫ్రెడ్ మీద. తన్వి మీద పడగానే అది కిలకిలా నవ్వింది. "అమ్మా, రెయిన్!" దాని గొంతు మామూలుగానే ఉంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. జెన్ బీట్‌రూట్ గిన్నె నా ముక్కు కింద పెట్టి, "ఇదిగో, నువ్వూ దుంప అని చెప్పు," అంది.

రెండూ నలభై రెండుకి నాలుగు గంటలు నిండాయి. మచ్చలు లేవు. జెన్ బయటికెళ్ళి ఇంజను ఆపింది.

యాపిల్

ఆదివారం వెళ్ళేముందు డోరతీ సామాను కోసం బార్‌కి వెళ్ళాం. కుళాయిల మీద ఒక అట్ట ముక్క వేలాడుతోంది. లావుపాటి అక్షరాలతో: గుడ్లు, బంతికి పన్నెండు. "మా నాన్న బతికుంటే నవ్వేవాడు," అన్నాడు స్టీవ్. "బార్‌లో బీరుంటుందని రాసినట్టుంది." ఆ అట్ట కింద ఇంకెవరో పెన్సిల్‌తో రాశారు: "పాలు కూడా. టోపీ పెద్దాయన చెప్పింది తప్పు కాదు." చదివి వినిపిస్తే మామయ్యగారు క్యాప్ సర్దుకున్నారు.

హెలెన్ తన్వికి ఒక యాపిల్ ఇచ్చింది. తన్వి నా వైపు తిరిగింది.

"అమ్మా, ఎగ్ ఉందా?"

"యాపిల్‌లో ఉండదు కన్నా."

అది తల ఊపింది. ఆ తరవాత డోరతీ వైపు తిరిగి, మెల్లగా ఇంగ్లీషులో అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

ఇంటిదాకా నాలుగు గంటలు, లారీలు పక్కనుంచి వెళ్ళాయో లేదో నాకు గుర్తు లేదు. ఆ వారమంతా అంతే. ఇడ్లీకి నన్నడిగి తాతనడిగింది. పాలకి నన్నడిగి వాళ్ళ నాన్ననడిగింది. మచ్చలు నాలుగు గంటల్లో పోయాయి. ఇది పోలేదు.

మఫిన్

డాక్టరు అంతా విని, ఇంకా గుడ్డు పడదని తేలిందనీ, మఫిన్ పరీక్ష మాత్రం చెయ్యొచ్చనీ, ఈసారి కాన్సిల్ చెయ్యనని మాటిస్తేనే తేదీ ఇస్తాననీ అంది. మాటిచ్చాను. మఫిన్లు వాళ్ళిచ్చిన కొలతల ప్రకారం ఇంట్లోనే చెయ్యాలి. నేను జన్మలో గుడ్డు కొట్టలేదు. డోరతీ వచ్చి నేర్పింది. మామయ్యగారు పక్కన నిలబడి ప్రతి కప్పు మీదా చాకుతో పిండి చదును చేశారు. "లెవెల్. లెవెల్ ఉండాలి," అంటూ.

నాలాంటి అమ్మలు చివర ఏమైందో ముందే వెతుకుతారు కాబట్టి ఫలితం ఇక్కడే చెప్పేస్తున్నాను: ఏమీ కాలేదు. మఫిన్ మొత్తం తింది, రెండు గంటలు బొమ్మలు వేసుకుంది, ఇంటికొచ్చాం. ఉడికించిన గుడ్డు ఇంకా వద్దు, జున్ను లాంటి ఆ చీజ్ అసలే వద్దు, ఎర్ర సంచీ ఉండాల్సిందే.

నాకు మిగిలింది మాత్రం అంతకు ముందు ఒక నిమిషం. క్లినిక్ గదిలో కాగితం పరిచిన మంచం మీద తన్వి కూచుంది. ఒక పక్క నర్సు, ఒక పక్క కిరణ్, మూల కుర్చీలో మంకీ క్యాప్‌తో మామయ్యగారు. గోరంత ముక్క చెంచాలో పెట్టి దాని నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. నోరు మూసుకుంది.

"అమ్మా, ఎగ్ ఉందా?"

"ఉంది," అన్నాను. "ఉంది కన్నా. కొంచెం ఉంది."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. నర్సు వైపు తిరుగుతుందనుకున్నాను, తాత వైపు తిరుగుతుందనుకున్నాను. ఎవరి వైపూ తిరగలేదు. నోరు తెరిచింది.